పాదం ముట్టుకోని వైద్యం

ఒరే అబ్బాయ్, ముప్పై నిండలేదు, అప్పుడే మెడకి జెల్ పూయించుకుని కెరోటిడ్ డాప్లర్ తీయించుకొచ్చావు. పైగా ఆ రిపోర్టు ఫోన్లో చూపించి "మెడ నాళం గోడ మందం 0.6 మిల్లీమీటర్లట, పర్వాలేదా తాతయ్యా?" అంటావు. కళ్లు తిరిగాయా అంటే లేదు. మాట తడబడిందా అంటే లేదు. మరెందుకు తీయించావురా అంటే, చెకప్ ప్యాకేజీలో ఉందట!

మా రోజుల్లో ముందు డాక్టరు గారి చెయ్యి పడేది మనిషి మీద. నేను కాంపౌండరుగా చేసిన చోట పెద్దాయన మణికట్టు పట్టుకుంటే గోడ గడియారంలో నిమిషం పూర్తయ్యేదాకా వదిలేవారు కాదు. ఆ తర్వాత రెండో చెయ్యి పట్టుకుని, రెండు నాడులూ సమంగా కొడుతున్నాయా అని చూసేవారు. వరి కోతలయ్యాయా, చుట్ట మానేశావా, రాత్రి నిద్ర పడుతోందా, అన్నీ అప్పుడే అడిగేవారు. పంచె పైకి లాగమని పాదం మీదా చీలమండ వెనకా వేళ్లు పెట్టి నాడి కోసం వెతికేవారు. మా వైపు చుట్ట కాల్చేవాళ్లు ఎక్కువ. నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేసి, నిలబడితే సర్దుకునే మనిషి వస్తే, కాలికి రక్తం తెచ్చే నాళం పూడుకుందని అక్కడికక్కడే చెప్పేసేవారు. మెడ మీద స్టెతస్కోపు పెట్టి ఊపిరి బిగబట్టమనేవారు. నాళం ఇరుకైన చోట బుస్సుమని చప్పుడు వస్తుంది. ఓసారి నన్ను పిలిచి వినిపించారు కూడా. ఇవాళ షుగరు మనిషి బూట్లయినా విప్పకుండా లోపలికెళ్లి, స్కాన్ చీటీ పట్టుకుని బయటికొచ్చేస్తున్నాడు. పాదం ముట్టుకునేవాడేడీ?

మెషిన్ గొప్పది కాదని నేననను. 1842లో ప్రేగ్‌లో క్రిస్టియన్ డాప్లర్ జంట నక్షత్రాల రంగుల గురించి చెప్పిన సూత్రం మీద నడుస్తుందది. మూడేళ్లకి హాలెండులో బైస్ బాలట్ బాకాలు ఊదేవాళ్లను రైలెక్కించి మరీ సరిచూశాడు: దగ్గరికొస్తుంటే స్వరం హెచ్చింది, దూరమవుతుంటే తగ్గింది. 1950ల్లో జపాన్‌లో సతోమురా దాన్ని గుండెకీ రక్తానికీ పట్టించాడు. ప్రోబు పంపే ధ్వని మన చెవికి అందదు. అది పారే రక్తకణాలకు తగిలి స్వరం మార్చుకుని తిరిగొస్తుంది, ఆ మార్పులోంచి వేగం లెక్కతేలుతుంది. బోదె ఇరుకైన చోట నీళ్లు ఉరికినట్టే నాళంలోనూ రక్తం ఉరుకుతుంది. మెడ నాళంలో ఆ వేగం సెకనుకు 125 సెంటీమీటర్లు దాటితే సగమో అంతకంటే ఎక్కువో మూసుకుందని, 230 దాటితే నూటికి 70 వంతులైనా మూసుకుందని అంచనా. ఈ లెక్క పెద్దాయన చెవికి అందేది కాదు. బాగా పూడుకున్న నాళం ఒక్కోసారి చప్పుడే చెయ్యదు. అలాంటివాళ్లు మొన్నటిదాకా పొలం వెళ్లొచ్చి, ఓ తెల్లారి పక్షవాతంతో మంచం పట్టేవారు. అందుకే, మూతి వంకర పోయి గంటలో మళ్లీ మామూలైన మనిషికి మెడ డాప్లర్ ఒక్క పూట కూడా ఆగకూడదు. తగ్గిపోయింది కదా అని ఇంట్లో కూర్చుంటే నేనే ఈడ్చుకెళతాను.

ఏ బాధా లేనివాడికి మాత్రం ఎందుకది? లక్షణాల్లేని పెద్దలందరికీ ఈ పరీక్ష చెయ్యొద్దని అమెరికా నివారణ సేవల కార్యదళం 2021లో మరోసారి చెప్పింది. లేని జబ్బు ఉన్నట్టు కనబడితే ఇంకో స్కాను, ఆపైన మెడ మీద కత్తి, ఆ కత్తితోనే పక్షవాతం వచ్చినా రావచ్చు. ఇక నువ్వు దిగులుపడుతున్న గోడ మందం వయసుతో పాటు అందరికీ పెరిగేదే. గుండెజబ్బు ముప్పు చూడ్డానికి దాన్ని మామూలుగా కొలవక్కర్లేదని అక్కడి గుండె వైద్యుల సంఘాలే 2013లో రాశాయి. నువ్వేమో ఆ దశాంశం పట్టుకుని నిద్ర చెడగొట్టుకుంటున్నావు గానీ, సిగరెట్టు మానలేదు, బీపీ చూపించుకోలేదు. పట్టీ కట్టి గాలి కొట్టడానికి ఎంతసేపురా?

సరే, వచ్చావు గనక విను. మీ నాన్నకి షుగరొచ్చి చాలా ఏళ్లయింది. గుడికెళ్లే దారిలో రెండుసార్లు ఆగి పిక్క రుద్దుకుంటున్నాడని మీ అమ్మ చెప్పింది. వాణ్ణి తీసుకెళ్లు. చెప్పులు విప్పించి పాదం మీద చెయ్యి పెట్టి చూసే డాక్టరు దగ్గరికే తీసుకెళ్లు. చీలమండ బీపీని చేతి బీపీతో భాగించి చూడమని అడుగు. 0.9 కంటే తక్కువొస్తే కాలి నాళాలు ఇరుకైనట్టే, అప్పుడు ఆ కాళ్లకి డాప్లర్ తీయించు. ఆదివారం దాకా ఆగకు, రేప్పొద్దున్నే బయల్దేరు.