నా చేతి చలవ

మా ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు మా కారు చరిత్ర వినాల్సిందే. మారుతి 800, 2003 మోడలు. 796 సీసీ, మూడు సిలిండర్లు. మొట్టమొదటి బండి తాళాలు 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ స్వయంగా అందించిందనీ, 2014 జనవరితో తయారీ ఆపేశారనీ, ఇప్పుడు రోడ్డు మీద కనిపించేవన్నీ నాలాంటి రసికుల దగ్గర మిగిలినవేననీ చెబుతుంటాను. మా తోడల్లుడైతే ఇందిరా గాంధీ దాకా రాగానే చెప్పులేసుకుంటాడు. ఇంత తెలిసినవాణ్ణి కదా, ఈ బండిలో ఫ్యూజు బాక్సు ఎక్కడుంటుందని మీరు గనక అడిగి ఉంటే, కాఫీ ఏమైందో చూసొస్తానని లేచి లోపలికి వెళ్ళిపోయేవాణ్ణి.

ఒక రాత్రి ఆఫీసు నుంచి వస్తుంటే మీటరులో లైట్లు ఆరిపోయాయి. హెడ్‌లైట్లు భేషుగ్గా వెలుగుతున్నాయి. ఎదురుగా స్పీడు ముల్లూ, పెట్రోలు ముల్లూ మాత్రం చీకట్లో కలిసిపోయాయి. ఆటోనగర్లో తెలిసిన ఎలక్ట్రీషియన్‌కి ఫోను చేస్తే, "తీసుకురండి సార్ చూద్దాం, నాలుగొందలు అవుద్ది" అన్నాడు.

నాలుగొందలు! ఇరవై రూపాయల బల్బుకి! పైకి డబ్బు గురించే గొణిగాను గానీ, మీ దగ్గర దాపరికం దేనికి, అసలు సంగతి డబ్బు కాదు. అంతకు నెల ముందే బాత్రూంలో కారుతున్న కుళాయి నేనే బాగుచేశాను. వాషరు మార్చాను, అంతే. కానీ ఆ కుళాయి బొట్టు రాల్చడం మానేసిన క్షణం నుంచి, రోడ్డు మీద ఏ మెకానిక్ కనిపించినా సాటి పనివాణ్ణి చూసినట్టు తలూపడం మొదలుపెట్టాను. ఒక్క కుళాయి చాలండీ మగాణ్ణి చెడగొట్టడానికి. మీ ఇంట్లోనూ ఓ కుళాయి ఉండే ఉంటుంది.

"ఆటోనగర్ ఎంతండీ, పది నిమిషాలు. తీసుకెళ్ళి పడేయండి" అంది మా ఆవిడ.

"ఈ బండి గురించి ఆటోనగర్ వాళ్ళకేం తెలుసు?" అన్నాను.

ఆదివారం పొద్దున్నే యూట్యూబ్ తెరిచాను. మా బండి మీటరు విప్పే వీడియో ఒకటి దొరికింది గానీ అది మలయాళం. భాష రాకపోతేనేం, చేతులు కనిపిస్తున్నాయి కదా అనుకున్నాను. మొదట్లో ఆ అబ్బాయి కెమెరాలోకి చూస్తూ వేలు ఆడించి చాలాసేపు ఏదో హెచ్చరించాడు. బ్యాటరీ నెగటివ్ వైరు ముందు విప్పండర్రా అని కాబోలు. ఆ ముక్క మలయాళంలోనే ఉండిపోయింది.

మీటరు చుట్టూ ఉన్న కవరు స్క్రూలు తీశాను. మీటరు ముందుకి లాగి, వెనక చెయ్యి పెట్టి స్పీడు కేబులు క్లిప్పు నొక్కి ఊడబీకాను. గేరుబాక్సు దగ్గర్నుంచి తిరుగుతూ వచ్చి ముల్లుని నడిపించేది ఆ కేబులే. మీటరు వీపున పల్చటి ప్లాస్టిక్ రేకు, దాని మీద రాగి గీతలు, ఆ గీతల మధ్య నల్లటి హోల్డర్లు. హోల్డరు పావు వంతు తిప్పితే చేతిలోకి వచ్చేసింది. అందులో చిటికెన వేలి గోరంత బల్బు. వెలుతురుకి ఎత్తి చూశాను. లోపలి తీగ చెక్కుచెదరలేదు. రెండోది తీశాను, దాని తీగా అంతే. రెండూ నిక్షేపంలా ఉన్నాయి.

ఇక్కడ మీరు నన్ను ఆపాలి. ఇంట్లో అన్ని గదుల్లో లైట్లూ ఒకేసారి పోతే బల్బులు మార్చే మనిషి ఎక్కడైనా ఉంటాడా? మెయిన్ దగ్గరికి పోతాడు. నా బుర్రకి ఆ ఆలోచన రానేలేదు. పైగా ఎటూ విప్పాం కదా, ఈ పచ్చటి ముసలి వెలుగెందుకు, నీలం ఎల్‌ఈడీలు వేస్తే పోలా అనిపించింది. ఏలూరు రోడ్డుకెళ్ళి నీలంవి కొనుక్కొచ్చాను. పెట్టాను. వెలగలేదు. ఎల్‌ఈడీకి ప్లస్సూ మైనస్సూ ఉంటాయి, తిరగేస్తే వెలగదు అన్న జ్ఞానం నాకు ఎక్కడో ఉంది. తిరగేశాను. వెలగలేదు. మళ్ళీ మొదటికి తిప్పాను. అలా తిప్పుతూ తిప్పుతూ మధ్యాహ్నం భోజనం చల్లారబెట్టాను.

సాయంత్రం బెంగళూరు నుంచి మా అబ్బాయి ఫోను. "ఫ్యూజు చూశారా నాన్నా?"

"అదే చూడబోతున్నాను" అన్నాను, ఎంతో గంభీరంగా.

డాష్‌బోర్డు కింద తల దూర్చి వెతగ్గా వెతగ్గా దొరికింది. ఎర్రటి బుల్లి ఫ్యూజు, 10 ఆంప్స్. మధ్యలో తీగ తెగి ఉంది. కొత్తది పెట్టి స్విచ్చి వేశాను. టప్‌మని అదీ పోయింది. తెలివైనవాడైతే ఎందుకు పోతోందని అడుగుతాడు. నేను మాత్రం ఈ ఫ్యూజుకి ఓపిక చాలడం లేదని తేల్చేసి, పసుప్పచ్చది పెట్టాను. 20 ఆంప్స్. నిలబడింది! మీటరంతా నీలంగా, పెళ్ళి పందిట్లో సీరియల్ సెట్లు వెలిగినట్టు వెలిగింది. మా ఆవిణ్ణీ, వాచ్‌మన్‌నీ, పైఫ్లాటు మేష్టారినీ పిలిచి చూపించాను. మేష్టారు "బావుందండీ" అన్నారు. ఆయన నాకు శత్రువని ఆరోజు తెలియలేదు.

ఆ బుధవారం గుడివాడలో మా ఆవిడ తమ్ముడి కూతురి పెళ్ళి. బయల్దేరాక బెంజి సర్కిల్ దాటకముందే ఒకటి గమనించాను: స్పీడు ముల్లు సున్నా దగ్గర నుంచి కదలడం లేదు. కేబులు క్లిప్పు పూర్తిగా పడలేదన్నమాట. మా ఆవిడతో అనలేదు. "ఎంత స్పీడులో పోతున్నామండీ?" అంటే "అరవై" అన్నాను. ముందు ఆర్టీసీ బస్సు ఎంతలో పోతే మేమూ అంతలో పోయాం.

పెళ్ళి బాగా జరిగింది. భోజనాల దగ్గర నా నీలం లైట్ల గురించి ఓ నలుగురికి చెప్పాను కూడా. తిరుగు ప్రయాణం రాత్రి. కంకిపాడు ఇంకా రాలేదు, రోడ్డు మీద ఓ గుంటలో పడి బండి ఎగిరింది. కాసేపటికి మా ఆవిడ, "ఏవండీ, స్వామి దగ్గర అగరొత్తి వెలిగించారా?" అంది. డాష్‌బోర్డు మీద వినాయకుడి విగ్రహం ఉంది మాకు. దాని కింది నుంచి సన్నగా పొగ లేస్తోంది. నేను అప్పుడు కూడా, నమ్మండి, ఒక్క క్షణం భక్తిగానే చూశాను. ఆ వెంటనే ప్లాస్టిక్ కాలిన వాసన గుప్పున కొట్టింది, మా ఆవిడ "అయ్యో అయ్యో" అని స్వామిని పట్టుకుని లాగింది, స్వామితో పాటు వైరొచ్చింది, వైరు నా చేతికి చురుక్కున అంటుకుంది, నేను స్టీరింగు వదిలేసి చెయ్యి విదిలించాను, బండి రోడ్డు దిగింది, మీటరు ఆరింది, వెనక లారీవాడు హారను మీద చెయ్యి తియ్యకుండా మా వంశాన్నంతా తలుచుకుంటూ వెళ్ళిపోయాడు, మేం చెరుకు తోట పక్కన ఆగాం. పట్టుచీర కట్టుకుని చీకట్లో ఒళ్ళో వినాయకుణ్ణి పెట్టుకుని కూర్చున్న ఆవిడ ఏమీ అనలేదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఏమీ అనకపోతే ఎంత ప్రమాదమో నాకు తెలుసు.

మర్నాడు ఆటోనగర్. మా ఆవిడ కూడా వస్తానంది. ఎలక్ట్రీషియన్ కూర్చుని, చేతిలో టెస్ట్ ల్యాంపుతో డాష్‌బోర్డు కింద రెండు చోట్ల తాకించాడు, అంతే. వేలు పెట్టి లాగితే, మీటరు లైటు వైరుకి చుట్టిన సన్నటి వైరొకటి బయటికొచ్చింది. పోయిన దసరాకి వినాయకుడి కింద రంగుల లైటు పెట్టింది నేనే. పార్కింగ్ లైటు వేస్తే స్వామి కూడా వెలగాలని, వైరుని బ్లేడుతో చెక్కి దానికి జోడించాను. ఆ జోడింపే ఇనప బాడీకి తగిలి ఫ్యూజులు పోగొట్టింది. నేను పెద్ద ఫ్యూజు పెట్టేసరికి, పోవాల్సిన ఫ్యూజు పోకుండా వైరు కాలింది.

"సార్, ఇది వైరు టేపు కాదండీ. మోకాలికి దెబ్బ తగిల్తే వేసే ప్లాస్టరు. ఎవరు చేశారండీ ఈ పని?"

"ఎవరో కుర్రాడు" అన్నాను. నోరు జారిందనుకోకండి, చాలా సాఫీగా వచ్చింది.

"వాడికి అ ఆలు కూడా రావు సార్. మీటరు లైట్లూ, వెనక ఎర్ర లైట్లూ, నంబరు ప్లేటు లైటూ అన్నీ ఒకే ఫ్యూజు మీద నడుస్తాయి. మీటరు ఆరినన్నాళ్ళూ మీ బండికి వెనక లైట్లే లేవన్నమాట. ఎవడన్నా వచ్చి గుద్దుంటే? పది ఉన్నచోట ఇరవై పెడతాడా ఎదవ! ఎంత తీసుకున్నాడు?"

"ఐదొందలు" అన్నాను. నా పని విలువ మరీ తగ్గించి చెప్పబుద్ధి కాలేదు.

"ఇంకెప్పుడూ వాడి దగ్గరికెళ్ళకండి సార్. చిన్న వయసు, చెయ్యి తిరగలేదు."

"అదేం లేదు బాబూ," అంది మా ఆవిడ, పర్సులోంచి డబ్బులు తీస్తూ, "ఆ కుర్రాడు వచ్చే ఏడాది రిటైరవుతున్నాడు."

అతను నా వంక చూశాడు. నేను ఎదురుగా ఉన్న టైర్ల షాపు బోర్డు చదివాను, రెండు సార్లు. నవ్వలేదు పాపం, మంచివాడు. బిల్లు మాత్రం నాలుగొందలు కాదు, పద్దెనిమిదొందలు. కేబులు క్లిప్పు ఊరికే పెట్టిచ్చాడు. బండి ఎక్కుతుంటే దగ్గరికొచ్చి మెల్లగా, "మీకంత ఇష్టమైతే టెస్ట్ ల్యాంపు ఒకటి కొనుక్కోండి సార్. నూట యాభై. చూసుకుని చేసుకోవచ్చు" అన్నాడు.

ఆ పక్క షాపులోనే దొరికింది. మా ఆవిడకి కనపడకుండా డిక్కీలో పెట్టాను. పైఫ్లాటు మేష్టారి స్కూటరు హారను ఈమధ్య సరిగ్గా మోగడం లేదట.