యాభై అంగుళాల బండికి గుర్రాల పిచ్చి

అమెరికా జాతీయ అడవుల్లో కొన్ని దారుల మొదట్లోనే ఓ హెచ్చరిక ఉంటుంది: 50 అంగుళాల వెడల్పు దాటిన బండికి ప్రవేశం లేదు. అంటే నాలుగడుగుల రెండంగుళాలు. ఆ సందులో దూరడానికే పుట్టింది సన్నపాటి సైడ్-బై-సైడ్. పక్కపక్కనే రెండు సీట్లు, కారుకున్నట్టు స్టీరింగు, నెత్తిమీద ఇనప చట్రం. పొలారిస్ కంపెనీ 2007లో తెచ్చిన ఆర్‌జడ్‌ఆర్ 800 ఈ వంశానికి పేరు తెచ్చింది. దాని ఇంజను 760 సీసీ. చెట్ల మధ్య, బండల మధ్య మెలికలు తిరిగే బాటకు అది చాలు.

చాలదని కొన్నవాడి అభిప్రాయం. కొన్నాళ్ళు తిరిగాడో లేదో "పికప్ లేదు" అనే జబ్బు పట్టుకుంటుంది.

మొదటి వైద్యం సైలెన్సర్‌కు. ఉన్నది పీకించి, మెరిసే కొత్త గొట్టం పెట్టిస్తాడు. దానివల్ల పెరిగే హార్స్‌పవర్ వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, పెరిగే చప్పుడు మాత్రం పక్క లోయదాకా వినిపిస్తుంది. చప్పుడు పెరిగింది కాబట్టి వేగమూ పెరిగిందని చెవి సాక్ష్యం చెబుతుంది, యజమాని తీర్పు ఇచ్చేస్తాడు. కాలిఫోర్నియా చట్టం ఇలాంటి బళ్ళకు 96 డెసిబెల్స్ హద్దు గీసింది. నిప్పురవ్వలు ఎగిరి అడవి అంటుకోకుండా ఆపే స్పార్క్ అరెస్టర్ లేకుండా జాతీయ అడవిలో బండి నడపడమే నేరం. ఈ జాతి మనకు కొత్త కాదు. విశాఖలో బుల్లెట్ల నుంచి ఊడబీకిన సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలర్‌తో తొక్కించింది ఇలాంటి సంగీతప్రియులవే.

రెండో వైద్యం టైర్లకు. కంపెనీ 26 అంగుళాలవి ఇస్తే, ఫొటోలో బాగుంటుందని 30 అంగుళాలవి ఎక్కిస్తాడు. చక్రం ఎత్తు 15 శాతం పెరిగింది, అంటే గేరు కూడా అంతమేరకు బరువెక్కింది. బరువైన టైరును తిప్పడానికే ఇంజనుకు ఊపిరాడదు. సైలెన్సర్ పెట్టి సంపాదించిందంతా టైరు మింగేశాక, మళ్ళీ అదే జబ్బు, మళ్ళీ అదే షాపు.

నిజంగా పనిచేసే మందు ఒకటుంది, కానీ అది ఎవరికీ కనిపించదు. ఈ బళ్ళలో గేర్లు మార్చే పని లేదు. రెండు పుల్లీల మధ్య రబ్బరు బెల్టు, ముందు పుల్లీలో చిన్న చిన్న బరువులు, ఒక స్ప్రింగు. పెద్ద టైర్లు వేసినప్పుడు బరువులు కాస్త తగ్గించి, తగిన స్ప్రింగు వేస్తే ఇంజను తన పూర్తి బలం చూపే వేగం దగ్గరే నిలబడుతుంది. బెల్టు జారదు, కాలదు. పోయిందనుకున్న పికప్ చాలావరకు తిరిగొస్తుంది. ఖర్చూ పెద్దది కాదు. అయితే మూతకింద దాగిన బరువులను స్నేహితులకు చూపించడం ఎలా? అందుకే దీని వంతు అన్నిటికన్నా చివర వస్తుంది, చాలామందికి అసలు రాదు.

ఇక కొండ సంగతి. ప్రతి వెయ్యి అడుగులకు టర్బో లేని ఇంజను బలం సుమారు 3 శాతం తగ్గుతుంది. యూటాలో పాయూట్ బాట పదివేల అడుగులు దాటి పోతుంది. సముద్రమట్టం దగ్గర 75 గుర్రాలున్న బండి అక్కడికి చేరేసరికి ఇరవై పైచిలుకు గుర్రాలు గాలిలో కలిసిపోయి ఉంటాయి. వాటిని వెనక్కి తేవాలని కొందరు టర్బో బిగిస్తారు. ఇంజను పొంగిపోతుంది, బెల్టు పొగలు కక్కుతుంది, వారంటీ కాగితం కిరాణా పొట్లానికి పనికొస్తుంది.

బలం వచ్చాక మలుపులో బండి ఒరుగుతుంది. ఒరిగితే స్పేసర్లు వేసి చక్రాలను బయటికి జరుపుతాడు. ఇప్పుడు వెడల్పు 54. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది: ఏ దారికోసం సన్నబండి కొన్నాడో ఆ దారికే అది పనికిరాదు.

గుర్రాలు అమ్ముకోవడమే వృత్తిగా ఉన్న కంపెనీకి ఈ లెక్క బాగా తెలుసు. పొలారిస్ 50 అంగుళాల మీద 75 హార్స్‌పవర్ ఇచ్చింది. 144 ఇచ్చిన 2016 మోడల్ బండి వెడల్పు 64 అంగుళాలు. 225 ఇచ్చినదానికి 74. బలంతోపాటు వెడల్పూ పెంచుకుంటూ పోయింది. యజమాని ఇంజనీరుకన్నా తెలివైనవాడు కాబట్టి ఆ రెండోదాన్ని బండి ఒరిగేదాకా వదిలేశాడు.

సన్నబండి ఒరగడం నవ్వులాట కాదు. 54 అంగుళాల చిల్లర వెడల్పున్న యమహా రైనో బళ్ళ ప్రమాదాల్లో 46 మంది చనిపోయాక, 2009 మార్చిలో కంపెనీ అమ్మకాలు ఆపి, సుమారు 1,20,000 బళ్ళకు ఉచితంగా మరమ్మతు చేస్తామని ప్రకటించింది. వెనక చక్రాలకు స్పేసర్లు వేయడం, వెనక యాంటీ-స్వే బార్ తీసేయడం అందులో ముఖ్యం. ఇంజనుకు గుర్రాలు కలపమని ఎవరూ అనలేదు.

అమెరికాలో ఉండి ఈ బండి కొన్న తెలుగువారికి చెయ్యి మరీ దురదపెడితే, ముందు ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయించి, టైర్లకు తగ్గట్టు పుల్లీ బరువులు మార్పించండి. షాపు గుమ్మం దాటకముందే టేపు పెట్టి వెడల్పు కొలవండి. యాభై దాటితే ఆ స్పేసర్లు అక్కడే వాపసు ఇచ్చి రండి.