శ్రుతికి చప్పట్లు కొట్టినవాళ్లే నయం

ఏరా అబ్బాయ్, మొన్న గచ్చిబౌలిలో ఏదో కచేరీకి వెళ్లొచ్చావట. ఎలా ఉందిరా అని అడిగితే ఫోన్ తీసి చూపించావు. అందులో నాకు కనబడ్డవన్నీ నీ ముందువాళ్లు ఎత్తిపట్టుకున్న ఫోన్లే. టికెట్టుకు పోసిన డబ్బు వినేసరికి మీ నానమ్మ నోరు నొక్కుకుంది. మా రోజుల్లో కచేరీకి వెళితే చేతులు ఖాళీగా ఉండేవి. చప్పట్లు కొట్టాలంటే రెండు చేతులూ కావాలి మరి!

మా రోజులంటే త్యాగరాజ ఆరాధనలే అనుకోకు. 1971 ఆగస్టు 1, ఆదివారం. అప్పుడు నేను న్యూయార్క్‌లో చదువుకుంటున్నాను. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జార్జ్ హారిసన్ కచేరీ. బీటిల్స్ నలుగురిలో ఒకడు. పేరు వినలేదంటే తప్పు నీది కాదు, మీ నాన్న పెంపకానిది.

1966 నుంచి బీటిల్స్ ఊరూరా తిరిగి పాడటం మానేశారు, ఆపైన విడిపోయారు కూడా. అలాంటిది హారిసన్ వేదిక ఎక్కుతున్నాడంటే ఎందుకనుకున్నావు? 1970 నవంబరులో తూర్పు పాకిస్తాన్‌ని తుపాను ముంచేసి లక్షలమందిని పొట్టన పెట్టుకుంది. కోస్తాలో పుట్టినవాణ్ణి, ఉప్పెనంటే ఏమిటో నాకొకరు చెప్పక్కర్లేదు. అది చాలదన్నట్టు మరుసటి మార్చిలో అక్కడి జనం మీద పాకిస్తాన్ సైన్యం విరుచుకుపడింది. కట్టుబట్టలతో మన దేశంలోకి వచ్చిపడ్డవాళ్లు ఏడాది చివరికి కోటిమంది అయ్యారు. సితార్ రవిశంకర్‌గారి పూర్వీకులది ఆ తూర్పు బెంగాలే. ఆయన తన శిష్యుడు హారిసన్ దగ్గర గోడు వెళ్లబోసుకున్నారు. శిష్యుడు ఆ కబురూ ఈ కబురూ చెప్పి తప్పించుకోలేదు. ఫోను పట్టుకుని కూర్చుని, కొన్ని వారాల్లోనే రింగో స్టార్, ఎరిక్ క్లాప్టన్, లియాన్ రస్సెల్, బిల్లీ ప్రెస్టన్ అందరినీ కూడగట్టాడు. ఇప్పుడైతే ముందు స్పాన్సర్లు కావాలి, తర్వాత వి.ఐ.పి. పాసులు పంచాలి, ఆకలిగొన్నవాళ్ల సంగతి ఆఖర్న.

జనమంతా రాక్ కోసం వచ్చినవాళ్లు. హారిసన్ తెల్ల కోటు, నారింజరంగు చొక్కా వేసుకుని వచ్చాడు. తన పాట మొదలుపెట్టకుండా, ముందు హిందుస్తానీ సంగీతం, కాస్త ఓపికగా వినండని చెప్పి పక్కకు తప్పుకున్నాడు. రవిశంకర్, సరోద్ అలీ అక్బర్ ఖాన్, తబలా అల్లా రఖా, తంబూరా కమలా చక్రవర్తి కూర్చున్నారు. బిరడాలు తిప్పుకుంటూ, తీగలు మీటుకుంటూ శ్రుతి చేసుకోవడం మొదలుపెట్టారు. అంతా సరిపోయి ఆగారో లేదో, హాలంతా చప్పట్లు! కచేరీ అదే అనుకున్నారు పాపం. మా ఊరి శ్రీరామనవమి పందిట్లో చంటిపిల్లవాడికి కూడా తెలిసే సంగతి అది. రవిశంకర్‌గారు విసుక్కోలేదు. శ్రుతే ఇంత నచ్చితే వాయించేది ఇంకా నచ్చుతుందని నవ్వుతూ అన్నారు. ఆ తర్వాత సితార్, సరోద్ జుగల్‌బందీ విన్నారయ్యా ఆ జనం! అర్థంకాని సంగీతానికి అంత మర్యాద ఇచ్చిన కుర్రకారును నేను మళ్లీ చూడలేదు. మీరు పాట పల్లవి దాటకముందే వేలితో పక్కకు తోసేస్తారు.

హారిసన్ అసలు ముందు నిలబడే మనిషి కాడు. బాబ్ డిలన్ వస్తాడో రాడో ఆఖరి నిమిషం దాకా తెలియక, పాటల జాబితాలో ఆ పేరు పక్కన ప్రశ్నార్థకం రాసుకున్నాడు. డిలన్ రాగానే మైకు అప్పగించి, పక్కన గిటార్ వాయిస్తూ నిలబడ్డాడు. తన పేరు చూసి టికెట్లు కొన్న జనం ఎదుట గురువుకు మొదటి చోటు, స్నేహితుడికి నడిమి చోటు ఇచ్చినవాణ్ణి ఏమంటారు? మేము పెద్దమనిషి అనేవాళ్లం.

ఆ రోజు రెండు ఆటలకు కలిపి 40,000 మంది వచ్చారు. టికెట్ల డబ్బు 2,43,418 డాలర్ల 50 సెంట్లు యూనిసెఫ్‌కు చేరింది. రికార్డుల మీద వచ్చిన సొమ్ము మాత్రం అమెరికా పన్నులవాళ్ల దగ్గర ఏళ్లతరబడి చిక్కుకుపోయింది. మీరైతే వరదొచ్చిన పూటే ఫోన్లో నొక్కి పంపించేస్తున్నారు. సరే, ఆ ఒక్క విషయంలో మీరే నయం, ఒప్పుకుంటున్నాను. మిగతా అన్నింట్లో మా కాలమే.

హారిసన్ 2001 నవంబరు 29న క్యాన్సర్‌తో పోయాడు. 58 ఏళ్లు. అదేం పోయే వయసా? ఆయన మంచితనం తెలియాలంటే ఆ కచేరీ సినిమాగా ఉంది, వెతికి చూడు. జుగల్‌బందీని దాటేసి డిలన్ దగ్గరికి దూకకు, మొదటినుంచీ విను. శ్రుతికి చప్పట్లు కొట్టాలనిపిస్తే కొట్టేయ్, ఆ తర్వాత మాత్రం కుదురుగా కూర్చో.