బీచ్ రోడ్డు మామయ్య

వైజాగ్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో దిగే చుట్టాల్లో ఒక రకం ఉంది. రిటైరై ఉంటాడు. ఇంటి కోడలికి పెదనాన్నో మేనమామో అవుతాడు. బట్టల కన్నా ముందు వాకింగ్ బూట్లు సర్దుకుంటాడు. పేరేదైనా, పాతబస్తీలో వెనకాల అందరూ అనేది ‘బీచ్ రోడ్డు మామయ్య’ అనే.

తెల్లవారి ఐదింటికి లాల్‌దర్వాజలో గేటు చప్పుడైతే దొంగ కాదు, మామయ్య బయల్దేరాడన్నమాట. మా బస్తీకి నిద్ర లేవడం నిదానం. ఆ వేళకు మేలుకుని ఉండేవి చార్మినార్ దగ్గరి పావురాలు, ఇరానీ హోటళ్లు, నహారీ దేగిసాలు. ఆయన షాలిబండ మీదుగా వెళ్లి, 1591లో కట్టిన చార్మినార్‌ను పై నుంచి కింది దాకా చూసి, “బాగుంది గానీ గాలేదీ?” అంటాడు.

పరువు దక్కించుకుందామని ఒకసారి మీరాలం చెరువుకు తీసుకెళ్లాం. కట్టలోని 21 అర్ధచంద్రాకారపు కమానులు వరుసగా నిలబడి నీళ్ల బరువు ఎలా మోస్తున్నాయో చూపించాం. గండిపేట రాకముందు ఊరు తాగింది ఈ నీళ్లేనని చెప్పాం. అంతా విని, “మరి కెరటమేదీ?” అన్నాడు. “మా మూసీకీ వచ్చింది మామయ్యా, 1908 సెప్టెంబర్ 28న. సగం ఊరు కొట్టుకపోయింది” అన్నాను. కాసేపు మాట్లాడలేదు. మేం గెలిచిన సందర్భం అదొక్కటే.

అసలు సంగతి గాలి కాదు, చుట్టాలు. గౌలిపురలో మేనకోడలు, ఉప్పుగూడలో తోడల్లుడి కొడుకు, అలియాబాద్‌లో వియ్యంకుల తరఫు వాళ్లు. రాత్రే మా వంటింట్లో పీట వేసుకుని, మాడుగుల హల్వా డబ్బా విప్పి, చాకుతో ముక్కలు కోసి, పాత పేపర్లో పొట్లాలు కట్టి, వాటి మీద పెన్నుతో ‘గౌ’, ‘ఉ’, ‘అ’ అని రాసుకుంటాడు. తెల్లారేసరికి నెయ్యి ఊరి అక్షరాలు అలుక్కుపోతాయి. అయినా తడబడడు. పెద్ద పొట్లం ఉప్పుగూడది. అక్కడ పెసరట్టు పెడతారు.

గౌలిపురలో మేనకోడలు చీపురు చేత్తోనే తలుపు తీస్తుంది. “లోపలికి రానమ్మా, వాకింగులో ఉన్నాను” అంటూనే బూట్ల లేసులు విప్పుతాడు. “టీ వద్దు, షుగరు” అంటాడు. తరవాత, “సరే, సగం గ్లాసు పోయి. పాలు కాస్త చిక్కగా.” అక్కడ గంట.

ఉప్పుగూడలో వ్యవహారం వేరు. ఇంత పొద్దున్నే తలుపు తట్టారంటే ఎవరో పోయారనే లెక్క. “ఏమైంది బాబాయ్? అందరు మంచిగున్నరా?” అంటూ ఆ అబ్బాయి బనీనుతోనే పరుగెత్తుకొస్తాడు. “అందరూ బాగున్నార్రా, గాలికి వచ్చాను” అని ఈయన పెనం వాసన వచ్చే వైపు కూర్చుంటాడు.

ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. మూడు టీలు, రెండు పెసరట్లు లోపల ఉన్నా, “పొద్దున్నుంచి నడుస్తూనే ఉన్నానమ్మా” అని నీరసంగా కుర్చీలో వాలతాడు. మా ఆవిడ జాలిపడి రెండు ఇడ్లీలు ఎక్కువ వేస్తుంది.

నిజం చెప్పాలంటే, ఉప్పుగూడ మాకు కూతవేటు దూరం. అయినా అక్కడ పిల్లకు సంబంధం కుదిరిన సంగతి, అలియాబాద్ వాళ్లు ఇల్లు అమ్ముతున్న సంగతి మాకు చెప్పింది ఆరు వందల కిలోమీటర్ల అవతలి నుంచి వచ్చిన ఈయనే. మేం మాత్రం పెళ్లిళ్లలోనే కలుస్తాం, అదీ భోజనాల దగ్గర.

ఈ ఆషాఢంలో సింహవాహిని అమ్మవారి బోనాలకు టికెట్టు తీసుకున్నాడట. గౌలిపుర, ఉప్పుగూడ, అలియాబాద్ బంధువులకు మనవి: ఆ వారం ఇంకో పాల ప్యాకెట్టు తెప్పించుకోండి. పొద్దున ఆరింటికి తలుపు తడితే కంగారు పడకండి, ఎవరూ పోలేదు.