పాత పడవ, కొత్త అరుగు

పడవ అంచు వెంబడి నిలువు గొట్టాల మీద అడ్డంగా సాగి, లోపలివారు నీటిలోకి జారకుండా ఆపే లోహపు గొట్టాన్ని పక్క కమ్మి అంటారు. అయితే కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేటి సీమలో దీని అసలు ప్రయోజనం ఆనుకొని మాట్లాడటం. అత్తిలి మొదలు ఆకివీడు దాకా, వంతెన పిట్టగోడైనా, ఆగిన ట్రాక్టరైనా, నడుము ఆనిన ప్రతి వస్తువూ క్షణంలో అరుగైపోతుంది కనుక, పాతబడిన చిన్న ఫైబరు మోటారు పడవకు కొత్త కమ్మి వేయించదలచిన యజమాని పడిపోయేవారి కంటే ముందు ఆనుకునేవారిని లెక్కలోకి తీసుకోవాలి.

పూర్వం ఈ చిక్కు లేదు. తాటిమాను మొదలును తొలిచి చేసే తాటిదోనెకు కమ్మి ఉండదు. ఎక్కినవాడు నోరు మూసుకొని కదలకుండా కూర్చోవడమే దానికి కమ్మి. గోదావరి జిల్లా మనిషిని అంతసేపు మౌనంగా కూర్చోబెట్టగలిగిన వాహనం మళ్లీ రాలేదు.

కొలతల దగ్గరే తగవు మొదలవుతుంది. అణియం, అంటే పడవ ముందు కొస, నుంచి అమరం, అంటే వెనుక భాగం, వరకు రెండు అంచులూ ఒకే తీరుగా కనిపిస్తాయి గానీ, ఏళ్ల తరబడి ఎండకు ఎండి ఒడ్డుకు ఒరిగిన పడవలో కుడి పక్కకు అమరిన కమ్మి ఎడమ పక్కన రెండు వేళ్ల ఎడం చూపిస్తుంది. మేస్త్రి పడవను, యజమాని మేస్త్రిని తప్పుపడుతుండగా పొద్దు గూకుతుంది. ఇళ్ల గేట్లకు అలవాటుపడిన చేయి కావడం వల్ల, ముందే వద్దనకపోతే కమ్మి నడుమ ఒక తామరపువ్వు కూడా మొలుస్తుంది.

ఎత్తు విషయంలో 1966 నాటి అంతర్జాతీయ లోడ్‌లైన్ ఒప్పందం పెద్ద ఓడలకు కనీసం ఒక మీటరు నిర్ణయించింది. ఆ ఎత్తు చిన్న పడవకు పెడితే బరువు పైకి చేరి పడవ ఎక్కువగా ఊగుతుంది, చూడటానికి గేదెల దొడ్డిలా ఉంటుంది. అలాగని మోకాలెత్తు కమ్మి పెడితే అది మనిషిని ఆపదు, మడిచి నీళ్లలో వేస్తుంది. తొడ మధ్య వరకు వచ్చే కమ్మి ఈ రెంటికీ నడుమ రాజీ.

వేసవిలో ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పు పైకి ఎగదన్నే చోట నీళ్ల పైపుల దుకాణంలోని జీఐ గొట్టం ఎక్కువకాలం నిలవదు. స్టీలులోనూ 304 రకం కంటే మాలిబ్డినం కలిసిన 316 రకం ఉప్పుకు బాగా తట్టుకుంటుంది. కాని స్టెయిన్‌లెస్ అన్న పేరు చూసి మురిసిపోరాదు: ఆ లోహానికి రక్షణగా ఉండే పలుచని పొర గాలిలోని ఆక్సిజన్‌తో ఏర్పడుతుంది కనుక, నిలువు గొట్టం పీట కింద గాలి ఆడక తడి నిలిచిన చోట అదీ తుప్పు పడుతుంది.

అసలు కథ రంధ్రాలది. నీరు రాకుండా కట్టిన పడవకు మనిషి నీళ్లలో పడకుండా చిల్లులు పొడవడమే ఈ విద్య సారం. పై తట్టులో ప్లైవుడ్ పొర ఉంటే, చిల్లులోంచి దిగిన తడి దాన్ని లోలోపలే కుళ్లబెడుతుంది. అందువల్ల ముందు పెద్ద రంధ్రం చేసి, చుట్టూ చెక్కను గీకి, ఎపాక్సీతో పూడ్చి, అది గట్టిపడ్డాక దాని నడుమ బోల్టుకు తగినంత చిల్లు మళ్లీ వేయాలి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనే సామెత పుట్టినప్పుడు ఫైబరు పడవలు లేవు. తొక్కి, కడిగి, మళ్లీ తొక్కడం ఇక్కడ శాస్త్రోక్తం.

పై నుంచి బిగించిన స్క్రూలు చాలవు. 60 సెంటీమీటర్ల ఎత్తున ఒకరు 40 కిలోల బలంతో ఒరిగితే, గొట్టం పీట ఒరిగే అంచుకు 6 సెంటీమీటర్ల దూరంలోని బోల్టు మీద ఆ లాగుడు పది రెట్లై 400 కిలోలకు చేరుతుంది. అదంతా ఒక్క చోటే పడకుండా కింద వెడల్పాటి లోహపు పలకను వేసి, బోల్టును ఆరపార దించి నట్టు బిగించాలి. వదులు కమ్మి కంటే కమ్మి లేకపోవడమే నయం. లేనిదాన్ని ఎవరూ నమ్మి ఆనుకోరు.

బిగింపును పరీక్షించేటప్పుడు పడవను ఒడ్డు మీదే ఉంచాలని, ఆ పరీక్షకు సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుణ్ణి నిలబెట్టవద్దని యజమానులకు మనవి.