ఎవరి జోలికీ పోని పెద్దమనిషి

ప్రతి వీధిలోనూ ఒకాయన ఉంటాడు. ఎవరి జోలికీ పోడు. ఆ మాట వేరేవాళ్లు చెప్పక్కర్లేదు, ఆయనే చెప్పుకుంటాడు. "నేనెవరి జోలికీ పోను. నా జోలికొస్తే మాత్రం..." అని అక్కడ ఆపుతాడు. ఆ చుక్కల్లో ఏముందో తెలుసుకుందామని వెళ్లినవాడు తిరిగొచ్చి చెప్పిన దాఖలా లేదు.

ఈ బాపతు మనిషి వేరే లోకాల్లోనూ ఉంటాడని అమెరికా టీవీ రచయితలు 1997లో పట్టుకున్నారు. 'స్టార్ ట్రెక్: వాయేజర్' సీరియల్లో 'స్కార్పియన్' అనే రెండు భాగాల కథలో ఆయన అవతరించాడు. పేరు లేదు, నంబరుంది: స్పీసీస్ 8472. అదీ తను పెట్టుకున్నది కాదు, బోర్గులు తగిలించింది. సగం మాంసం, సగం యంత్రం అయిన ఈ బోర్గులు కనబడిన ప్రతి జాతికీ ఓ నంబరు వేసి, ఆనక తమలో కలిపేసుకుంటారు. వాళ్ల చిట్టాలో మనుషులు 5618. కజాన్ అనే జాతికి 329 ఇచ్చారు గానీ, కలుపుకోడానికి కూడా పనికిరారని వదిలేశారు. కజాన్లు ఆ విషయం విన్నారో లేదో!

మన పెద్దమనిషి కాపురం ఈ విశ్వంలో కాదు. ఫ్లూయిడిక్ స్పేస్ అని, నక్షత్రాలూ శూన్యమూ లేకుండా ఎటు చూసినా ద్రవమే నిండిన చోటు. అక్కడుండేది ఆయన జాతి ఒక్కటే. ఇరుగు లేదు, పొరుగు లేదు. ఎదురుగా నిలబడి "అలా కాదండీ" అన్నవాణ్ని ఆ వంశంలో ఎవరూ చూసి ఎరగరు. అలా పెరిగిన ప్రాణికి స్వభావం ఎలా అబ్బుతుందో వేరే చెప్పాలా?

మూడు కాళ్లు, ఒంటి మీద నూలుపోగు లేదు. ఎక్కి తిరిగే ఓడ కూడా ప్రాణమున్నదే. నోరు విప్పడు. చెప్పదలుచుకున్నది నేరుగా ఎదుటివాళ్ల బుర్రలోకి పంపిస్తాడు. వాయేజర్ ఓడలో కెస్ అనే అమ్మాయికి అందిన కబురు సారాంశం, చేతకానివాళ్లు చావాల్సిందేనని. పలకరింపూ అదే, వీడ్కోలూ అదే. హ్యారీ కిమ్ అనే కుర్ర అధికారిని ఓసారి గోటితో గీరాడు. పాపం ఆ పిల్లాడి ముఖం మీద తీగలు మొలిచాయి.

అందరూ ఈయనే దండెత్తి వచ్చాడనుకున్నారు. అనుకోరూ మరి! పదిహేను బోర్గు ఓడలు పక్కనుంచి దూసుకుపోతుంటే వాయేజర్ వాళ్లు ఊపిరి బిగబట్టారు. కాసేపటికి ఆ ఓడలే తునాతునకలై కనబడ్డాయి. ఆ తరవాత ఓ గ్రహమే పేలిపోయింది. కెప్టెన్ జేన్‌వే బోర్గులతోనే పొత్తుకి దిగింది. తేలు బుద్ధి మారదని ఆమె కుడిభుజం చకోటే కథ చెప్పి మరీ వారించాడు. కెప్టెన్లు కథలు వింటారు గానీ వాటి ప్రకారం నడుచుకోరు. తీరా రెండో భాగంలో అసలు సంగతి తేలింది. ముందుగా గోడ దూకి అవతలికి వెళ్లింది బోర్గులే. మంచి సరుకని ఆశపడ్డారు. ఆ సరుకు లొంగలేదు.

అంటే న్యాయం పెద్దమనిషి వైపే ఉంది. చిక్కల్లా శిక్ష దగ్గరే. దూకింది ఒకడైతే వీధి మొత్తాన్ని తగలబెట్టందే ఈ రకానికి తృప్తి ఉండదు. మనుషులూ బోర్గులూ ఒకటి కాదని చెప్పబోతే, గోడకి అవతలున్నవాళ్లంతా ఒకటేనంటాడు.

1998లో వచ్చిన 'ప్రే'లో ఒక 8472 గాయాలతో ఇటువైపే చిక్కుకుపోతాడు. వేటగాళ్లు తరుముతుంటారు. ఆయన కోరేది ఒక్కటే, ఇల్లు చేరడం. జేన్‌వే పంపించేద్దామంటుంది. పాత బోర్గు సెవెన్ ఆఫ్ నైన్ మాత్రం మాట వినకుండా వేటగాళ్లకే అప్పగిస్తుంది. అది చూశాక ఆయన మీద మనకి నవ్వు కాస్త తగ్గుతుంది. కాస్తే.

ఎందుకంటే అదే ఏడాది నవంబరులో 'ఇన్ ద ఫ్లెష్' వచ్చింది. ఈసారి పెద్దమనిషికి భయం పట్టుకుంది. మనుషుల దగ్గర తనను చంపగల ఆయుధం ఉందని తెలిసింది, రేపో మాపో తన ఇంటి మీదికి వస్తారని అనుమానం. అందుకని గెలాక్సీలో ఓ మూల, శాన్ ఫ్రాన్సిస్కోలో ఉన్న, వాయేజర్ లాంటి ఓడల్ని నడిపే స్టార్‌ఫ్లీట్ ప్రధాన కార్యాలయాన్ని చెట్టూ చేమతో సహా అచ్చుగుద్దినట్టు కట్టించాడు. సూదులు పొడిపించుకుని మనిషి ఆకారం తెచ్చుకున్నాడు. ఇక అమెరికా వీసా ఇంటర్వ్యూకి తయారయ్యే కుర్రాళ్లలాగా బంధుబలగమంతా సాధన! ఎలా నవ్వాలి, క్లబ్బులో గ్లాసు ఎలా పట్టుకోవాలి, తోటివాడితో ఏం కబుర్లాడాలి. ఒకావిడైతే చకోటేతో షికారుకి కూడా వెళ్లింది. ముద్దు పెట్టుకుంది, తీరా చూస్తే రక్తపరీక్ష లాంటి వ్యవహారమే అది! ఈయన నిజంగా మనిషేనా అన్న అనుమానం తీర్చుకుంది.

ఇంతకీ అన్ని హోదాల వేషాలుండగా వీళ్ల నాయకుడు ఏరికోరి వేసుకున్నది బూత్‌బీ అనే ముసలి తోటమాలి వేషం. రచయితలు ఈ మనిషిని ఎంత బాగా చదివారో అక్కడ తెలుస్తుంది. చేతిలో కత్తెర, ముందు గులాబీ మొక్క, కన్ను మాత్రం వచ్చేపోయేవాళ్ల మీద. ఎవరి జోలికీ పోనివాడికి అంతకన్నా అనువైన కొలువు ఎక్కడ దొరుకుతుంది? మూడు కాళ్ల శరీరాన్ని కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో ఆడించే ఖర్చు తప్పుతుందని నిర్మాతలు కూడా సంతోషించి ఉంటారని నా అనుమానం.

చివరికి జేన్‌వేయే ముందుగా ఆయుధాలు దించింది. "మీరే మొదలెట్టారు", "కాదు, మీరే" అనే దగ్గర్నుంచి మాటలు కుదిరి, తోటమాలి మూటాముల్లె సర్దుకుని ఇంటికెళ్లాడు.

అక్కడితో ఊరుకుంటే ఆయన ఆయనే కాడు. 2010లో వచ్చిన 'స్టార్ ట్రెక్ ఆన్‌లైన్' అనే వీడియోగేమ్‌లో మళ్లీ తేలాడు. ఈసారి అన్‌డీన్ అని పేరు కూడా వచ్చింది. ఇప్పుడాయన పని, మారువేషాల్లో ఊళ్లోవాళ్ల ఇళ్లలో దూరడం, ఒకరి మీద ఒకరిని ఎగదొయ్యడం. అదేమిటండీ, ఎవరి జోలికీ పోనన్నారుగా అని నిలదీస్తే, తన లోకం మీద ఎవరో చెయ్యి చేసుకున్నారంటాడు. విచారిస్తే అదీ నిజమే!