అరవని పద్దు

గ్రంథాలయాలకు డబ్బుల్లేవన్న మాట పుట్టించిన మహానుభావుడికి శాలువా కప్పాల్సిందే. ఇంటిపన్ను రశీదు తీసి చూడండి. పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మన దగ్గర ముక్కుపిండి వసూలు చేస్తూనే ఉన్నారు. 1960 నాటి చట్టం ప్రకారం పంచాయతీలూ మునిసిపాలిటీలూ ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. వసూలులో వాటికి వంక పెట్టలేం. జమచేయడం దగ్గరే చాలాచోట్ల మతిమరుపు. సంస్థ వాటా బకాయి పద్దులో ఏటా పెరుగుతుంటుంది. ఊళ్లో గ్రంథాలయం తాలూకుది ఏదో ఒకటి పెరుగుతోంది కదా, సంతోషిద్దాం.

సంస్థకు కాస్తో కూస్తో రాలినదాన్ని పంచడంలో ఉంది అసలు విద్య. కరెంటు బిల్లు కట్టకపోతే ఫ్యూజు పీకేస్తారు. అద్దె ఆపితే ఇంటాయన తాళం వేస్తాడు. బాకీ పడితే పేపరు ఏజెంటు పేపరు ఆపేస్తాడు. మరి పుస్తకం కొనకపోతే? ఎవరూ కిక్కురుమనరు. గొడవ చేయలేనివాడి వాటా ముందు కొయ్యాలన్న ఈ సూత్రానికి 'ప్రాధాన్యాలు' అని ముద్దుపేరు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు గనుక ఫ్లెక్సీలూ, పూలదండలూ ప్రాధాన్యాలే. అయ్యంకి వెంకటరమణయ్య గారి పటానికి దండ పడుతుంది. సెస్సూ సంస్థా లేని కాలంలో, 1914లోనే, బెజవాడలో గ్రంథాలయాల మహాసభ జరిపించిన మనిషాయన. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదపాలెంలో పుస్తకాలను పడవెక్కించి కాలువ వెంట ఊళ్లకు పంపారు. ఇవాళైతే పడవ ఏ పద్దు కిందికొస్తుందో తేల్చేలోపు కాలువ ఎండిపోయేది.

'ఈ రోజుల్లో చదివేవాళ్లేరండీ?' అని ఇంకో పాట. పొద్దున్నే జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి చూడండి. గ్రూప్స్ రాసే పిల్లలు సొంత పుస్తకం, సొంత నీళ్ల సీసా తెచ్చుకుని గేటు దగ్గర కాచుకునుంటారు. సంస్థ ఇచ్చేది కుర్చీ, అదీ ముందొచ్చినవాడికే. వాళ్లకు పుస్తకాలు కొంటే బాలల విభాగానికి మిగలదట, బాలలకు కొంటే వీళ్లకు చాలదట. ఇద్దరి పేరా వసూలైన సొమ్ము మునిసిపాలిటీ దగ్గర ఉండగా, పాఠకుడికీ పాఠకుడికీ తగువు పెట్టే ఈ న్యాయం భలే చవక.

ఈసారి పన్ను కట్టాక సమాచార హక్కు దరఖాస్తు ఒకటి పెట్టండి. గ్రంథాలయ సెస్సు ఎంత వసూలు చేశారు, అందులో సంస్థకు ఎంత జమచేశారు? ఈ రెండు అంకెలే అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలని చట్టం.